22ఏ జాబితా

జనవరి 8
పెదనాన్నకి ఇవాళ మొదటి ఇంజెక్షన్. అజాసైటిడిన్. వరసగా ఏడు రోజులు, పొట్ట చర్మం కింద. 28 రోజులకోసారి ఇలా ఒక విడత. సీసాలో తెల్ల పొడి. నీళ్లు కలిపితే పలచటి సున్నంలా అయింది. నర్సు సిరంజిని రెండు అరచేతుల మధ్య పెట్టి కవ్వంలా తిప్పింది. "ఊరికే ఉంచితే అడుగున పేరుకుంటుందండీ."

జనవరి 9
జబ్బు పేరు ఎండీఎస్. మూలుగలో రక్తకణాలు పుడతాయి గానీ పక్వానికి రావు. కేన్సర్ అనాలా వద్దా అని ఇంట్లో వాదన. కేన్సరే. పెద్దమ్మ ముందు మాత్రం ఎవరం అనం.

జనవరి 11
పాతికేళ్లుగా క్లాసులో కేన్సరంటే జన్యువులో అక్షరదోషం అని చెప్పాను. ఇక్కడ కథ వేరు. డీఎన్ఏలో 'సి' అక్షరం మీద చిన్న మిథైల్ గుర్తు పడుతుంది. జన్యువు మొదట్లో అవి దట్టంగా పడితే కణం దాన్ని చదవదు. కణవిభజనకి బ్రేకు వేసే పీ15 జన్యువు ఈ జబ్బులో తరచూ అలాగే మూతపడుతుంది.

రెవెన్యూలో రిటైరైన పెదనాన్న ఒక్క ముక్కలో తేల్చేశాడు: "భూమి ఉంది. సర్వే నంబరూ మారలేదు. 22ఏ నిషేధిత జాబితాలో పడింది, రిజిస్ట్రేషన్ అవదు. అంతేగా?"

అంతే. నా పాఠంలో ఇంత మంచి పోలిక ఎప్పుడూ లేదు.

ఫిబ్రవరి 6
రెండో విడత. ప్లేట్‌లెట్లు 38 వేల నుంచి 24 వేలకి పడ్డాయి. మొదట్లో మామూలేనట. పెద్దమ్మకి ఆ 'మామూలే' నచ్చలేదు.

"ఆ ఎర్ర సిరా గుర్తులు కొట్టేయడానికి ఈ మందుకి ఇన్ని నెలలా?" అన్నాడు పెదనాన్న. కొట్టేయడం కాదు. కణం రెండయ్యేటప్పుడు పాత పోగు మీది గుర్తులు చూసి కొత్త పోగు మీద వేసే ఎంజైము ఒకటుంది. మందు డీఎన్ఏలోకి దూరి దాన్ని పట్టేసుకుంటుంది. నకలు రాసే గుమాస్తా చిక్కుకుపోతే గుర్తులు విభజన విభజనకీ పలచబడాల్సిందే.

"ఫసలీ ఏడాది మారినప్పుడల్లా అడంగల్ రిజిస్టరు తిరగరాసేవాళ్లం. ఎవడు గీశాడో తెలీని ఎర్ర గీత కూడా ఏళ్ల తరబడి ఎక్కుతూనే ఉండేది." చాలా రోజులకి నవ్వాడు.

ఫిబ్రవరి 20
ఈ మందు 1964లో ప్రాగ్‌లో తయారైంది. 1977లో దక్షిణాఫ్రికాలో పీటర్ జోన్స్, తోటివాళ్లు ఎలుక కణాలకి ఇస్తే గిన్నెలో కండరం పుట్టి కదిలింది! కారణం మిథైల్ గుర్తులేనని 1980లో ఆయనే చూపించాడు. అమెరికాలో ఎండీఎస్‌కి అనుమతి వచ్చేసరికి 2004.

మార్చి 5
జన్యు పరీక్ష రిపోర్టు. టెట్2లో మ్యుటేషన్. ఆ గుర్తుల్ని తుడవడానికి తోడ్పడే ఎంజైము జన్యువే అది. అక్షరదోషం ఉంది మరి, రికార్డు గది సొంత ఫైల్లోనే. జనవరిలో 'కథ వేరు' అని రాసింది తొందరపాటు.

ఇంకో చిక్కు. మందుకి మంచి గుర్తూ చెడ్డ గుర్తూ తేడా తెలీదు. 1983లో ఫైన్‌బర్గ్, వోగెల్‌స్టైన్ పెద్దపేగు కేన్సర్‌లో చూసింది గుర్తులు తగ్గిపోవడమే. ఇది పెదనాన్నకి చెప్పలేదు.

ఏప్రిల్ 2
నాలుగో విడత. ప్లేట్‌లెట్లు 61 వేలు. పొట్టంతా ఎర్ర మచ్చలు. కొత్త నర్సు సిరంజి రెండుసార్లు తిప్పి దగ్గరికొచ్చింది. పెదనాన్న చొక్కా కిందికి దించేశాడు.

"ఇంకాస్త తిప్పమ్మా. అడుగున ఉండిపోయింది."