ఏనుగమ్మకు పొద్దుపోక

పొద్దుపోకపోతే మనం ఏం చేస్తాం? అల్లిక సూదులు తీస్తాం. పక్కింటి పిన్నిగారిని పలకరిస్తాం. అదీ కాకపోతే సర్దిన బీరువానే మళ్లీ సర్దుతాం. మరి జూలో ఏనుగుకు పొద్దుపోకపోతే?

అడవిలో ఉంటే దానికా బెంగ లేదు. తిండి వెతుక్కోవడంతోనే రోజులో ఎక్కువ భాగం గడిచిపోతుంది. జూలో వేళకింత మేత ముందుకొచ్చి పడుతుంది. ఇక మిగిలేది ఊగడం. నిలబడ్డచోటే అటూ ఇటూ ఊగే ఏనుగును చూసి పిల్లలు "డాన్సు చేస్తోందే!" అని చప్పట్లు కొడతారు. డాన్సూ కాదు, పాడూ కాదు. అది విసుగండీ.

అమెరికాలో ఫీనిక్స్ జూకి 1974లో థాయ్‌లాండ్ నుంచి రూబీ అనే గున్న ఏనుగు వచ్చింది. కొన్నేళ్లపాటు దానికి తోటి ఏనుగన్నదే లేదు. ఒక మేకా, కాసిని కోళ్లూ, అంతే దాని చుట్టరికం. పుల్లను తొండంతో పట్టుకుని మట్టిలో గీతలు గీసుకునేది. అది చూసిన సాకేవాళ్లు 1980లలో రంగులూ కుంచే ఇచ్చారు. ఏ రంగు కావాలో తనే తొండంతో చూపించేదిట. 1998లో పోయేలోపు ఆ బొమ్మలు వేల డాలర్లకు అమ్ముడుపోయాయి.

అంతకు ముందే లండన్ జూలో కాంగో అనే చింపాంజీ ఉండేది. డెస్మండ్ మోరిస్ అనే జంతుశాస్త్రజ్ఞుడు దానికి పెన్సిలిస్తే, మూడేళ్లలో దాదాపు 400 బొమ్మలు వేసింది. 1957లో లండన్‌లో ప్రదర్శన కూడా పెట్టారు. 2005లో మూడు బొమ్మలు వేలంలో 14,400 పౌన్లు పలికాయి. పాపం, చిత్రకారుడు క్షయతో 1964లోనే పోయాడు.

నాకు నచ్చింది ఆ డబ్బు సంగతి కాదు. బొమ్మ సగంలో ఉండగా కాగితం లాక్కుంటే కాంగో కేకలు పెట్టేదిట. అయిపోయిందనుకుంటే మాత్రం ఎంత బతిమాలినా మరో గీత గీసేది కాదుట. మనలో మనమాట, "ఇంకో నాలుగు వారాలు సాగదీయండి" అంటే తలూపే మా సీరియల్ రచయిత్రులకు లేని నిబ్బరం అది!

మొన్న మా మేనకోడలు థాయ్‌లాండ్ వెళ్లి ఏనుగు వేసిన బొమ్మ తెచ్చింది. కుండీ, కాడ, మూడు పువ్వులు. అచ్చు గ్రీటింగ్ కార్డే. అక్కడ 1989లో అడవుల్లో కలప కొట్టడం నిషేధించడంతో ఏనుగులూ, మావటీలూ ఒక్కసారిగా పని లేనివాళ్లయ్యారు. వాళ్ల పొట్ట గడవాలని కొమర్, మెలమిద్ అనే ఇద్దరు చిత్రకారులు ఏనుగులకు చిత్రలేఖనం నేర్పించారు. 2000లో న్యూయార్కులో వేలం కూడా జరిగింది. ఉద్దేశం మంచిదే. కాని టూరిస్టులకు పువ్వులు కావాలి. అక్కడికి వెళ్లి దగ్గరగా చూసిన మోరిసే రాశాడు, ఏనుగు గీస్తున్నంతసేపూ మావటి దాని చెవి లాగుతూనే ఉంటాడని. ఇలా లాగితే పైకి, అలా లాగితే పక్కకి. రోజూ అదే పువ్వు.

చుట్టాలొచ్చినప్పుడు చంటిదాన్ని వెనకనుంచి గిల్లి "పాడవే అమ్మా" అనడం మనకు తెలియనిదా? పాట మనకోసం, గిల్లుడు దానికోసం.

కూడూ గడ్డీ డబ్బుతోనే వస్తాయి, కాదనను. బొమ్మలమ్మి అడవిని కాపాడితే అంతకన్నానా! అయితే ఆ కుంచెను విసుగేసినప్పుడు అవతల పారేసే హక్కు ఏనుగుకుండాలి. అప్పుడే అది కాలక్షేపం. లేదా, కలప మోసిన చోట కుంచె మోయడం, అంతే.

ఎవరైనా ప్రేమగా తెస్తే తీసుకోండి, మనసు నొప్పించకండి. మీరే కొనేటప్పుడు మాత్రం చెవి లాగేవాడెవరైనా ఉన్నాడేమో చూసి, పువ్వుల్ని వదిలేసి పిచ్చిగీతలే ఏరుకోండి.