కళ్లం నుంచి లోకానికి

ఒంగోలు నుంచి గుంటూరు పోయే పెద్ద రోడ్డున మాఘ, ఫాల్గుణ మాసాలలో ప్రయాణం చేసేవారికి ఒక వింత కనపడుతుంది. రెండు పక్కలా నల్లరేగడి చేలు. వాటి మధ్య అక్కడక్కడా నేలమీద ఎర్ర తివాచీ పరిచినట్టుంటుంది. దగ్గరికి పోతే ముక్కు చుర్రుమంటుంది, తుమ్ములు వస్తాయి. అవి మిరప కళ్లాలు! పక్క చేలో ఆఖరి తీతకు మిగిలిన పత్తి తెల్లగా మెరుస్తూ ఉంటుంది.

ఒకప్పుడు ఈ మెట్టసీమలో పంటలు చాలావరకు వానమీదే ఆధారపడేవి. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు వదిలారు. ఆ నీరు గుంటూరు చేలను తడిపి ప్రకాశం చేల దాకా వచ్చింది.

కళ్లంలో కాయ ఎండిన తరవాత కూలీలు కూర్చుని తాలుకాయలు ఏరివేస్తారు. తాలుకాయ అంటే రంగు పోయి తెల్లబారిన కాయ. మంచికాయను గోతాలకు ఎత్తి కుడతారు. ఈ మూటలను ఇక్కడ టిక్కీలంటారు. టిక్కీలు లారీ ఎక్కి, మార్టూరు, చిలకలూరిపేట దాటి, గుంటూరు మిర్చి యార్డుకు చేరుతాయి.

ఆ యార్డు చూసి తీరవలసినదే! పంట రోజులలో అక్కడ అడుగు పెట్టే చోటుండదు. ఎటు చూసినా టిక్కీల గుట్టలే. వ్యాపారి గుప్పెడు కాయలు చేతిలోకి తీసుకుని రంగు చూస్తాడు, ఎండిందో లేదో చూస్తాడు, ధర చెబుతాడు. ఇక్కడి కాయ ఓడలెక్కి పరదేశాలకు కూడా పోతుంది.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. కళ్లంలో ఉన్నదీ, యార్డులో ఉన్నదీ ఒకే కాయ. కాని కళ్లంలో ఉన్నంతకాలం దాన్ని ఊళ్లోవాళ్లే చూస్తారు. యార్డుకు వచ్చాక లోకమంతా చూస్తుంది.

వెబ్‌సైటు సంగతీ ఇంతే. మీ బడి పిల్లలంతా కలిసి మీ ఊరి గురించి ఒక వెబ్‌సైటు తయారు చేశారనుకుందాం. చెరువు బొమ్మ, మిరప రకాల పేర్లు, కాలువ రాకముందు ఊరు ఎలా ఉండేదో తాతయ్య చెప్పిన కబుర్లు, అన్నీ పెట్టారు. మీ కంప్యూటరులో తెరిస్తే చక్కగా కనపడుతుంది. కాని పక్క ఊరివాళ్లకు ఎంత వెతికినా కనపడదు. అది ఇంకా కళ్లంలోనే ఉన్నదన్నమాట!

దాన్ని లోకానికి చూపాలంటే రాత్రింబగళ్లు మేలుకుని ఉండే కంప్యూటరు ఒకటి కావాలి. ఎవరు ఎప్పుడు అడిగినా పేజీ తీసి పంపడమే దాని పని. దాన్ని సర్వరు అంటారు. మొట్టమొదటి వెబ్‌సైటును టిమ్ బెర్నర్స్ లీ అనే ఆయన 1991లో లోకానికి అందించాడు. సెర్న్ అనే పరిశోధనశాలలో ఆయన వాడే కంప్యూటరే దానికి సర్వరు. పొరపాటున ఎవరైనా ఆపేస్తారేమోనని, ఇది సర్వరు, ఆపవద్దు అని రాసిన కాగితం దానికి అంటించారు!

ఇప్పుడు మనం స్వంతంగా సర్వరు పెట్టుకోనక్కరలేదు. హోస్టింగు కంపెనీలు తమ సర్వర్లలో చోటు అద్దెకిస్తాయి. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్‌స్టోరేజీలు చూశారూ? రైతులు అద్దె కట్టి టిక్కీలను అందులో ఉంచుతారు. చల్లదనానికి కాయ రంగు నిలుస్తుంది. సర్వర్లు ఉండే గదులనూ చల్లగానే ఉంచుతారు. పని చేసేకొద్దీ అవి వేడెక్కుతాయి మరి!

చోటు కుదిరాక సైటుకు ఒక పేరు తీసుకోవాలి. అదే దాని చిరునామా. ఆపైన మీ ఫైళ్లను ఎస్‌ఎఫ్‌టీపీ అనే పద్ధతిలో సర్వరుకు పంపాలి. ఇందులో మీ రహస్యపదం దారిలో ఎవరి కంటా పడదు.

కాని లారీ ఎక్కించేముందు తాలుకాయలు ఏరాలి. బొమ్మ ఎక్కడున్నదో చెప్పేచోట మీ కంప్యూటరులోని డ్రైవు పేరు రాశారా? సర్వరులో ఆ డ్రైవు ఉండదు, బొమ్మ కనపడదు. బొమ్మ పేరును ఇంగ్లీషులో ఒకచోట పెద్దక్షరంతో, ఇంకోచోట చిన్నక్షరంతో రాశారా? ఇంట్లో విండోస్ కంప్యూటరు పట్టించుకోదు గాని, లైనక్స్ సర్వరు ఆ రెండూ వేరువేరు అనుకుంటుంది. తెలుగును యూనికోడ్‌లోనే రాయండి. ఒకప్పుడు చాలా తెలుగు సైట్లు తమ స్వంత ఫాంట్లు వాడేవి. ఆ ఫాంటు లేనివారికి పిచ్చి గీతలే కనపడేవి. ఇంటి చిరునామా, ఫోను నంబరు అసలే పెట్టకండి.

అసలు ప్రతి ఒకటి ఇంట్లోనూ దాచుకోండి. అద్దె కట్టడం మరచిపోతే సైటు మాయమవుతుంది.

ఇంత శ్రమ ఎందుకంటారా? యార్డు ధరలనే చూడండి. యార్డులో పలికిన ధర అక్కడే ఉండిపోతే దూరపు రైతుకు ఏం లాభం? లారీ కిరాయి పెట్టుకుని వచ్చాకగాని అతనికి ధర తెలియదు. ఇప్పుడు అగ్‌మార్క్‌నెట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో మార్కెట్ యార్డుల ధరలు పెడుతున్నారు. సరుకు ఎత్తాలో, ఆగాలో రైతు తన కళ్లంలోనే కూర్చుని ఆలోచించుకోవచ్చు.

మీ ఊరి కబుర్లకూ విలువ ఉన్నది. మీ కంప్యూటరు పాడైతే తాతయ్య కబుర్లు కూడా దానితోనే పోతాయి. ఆలోగా వాటిని పెద్దల సాయంతో లోకానికి పంపండి. పంపేముందు తాలుకాయలు ఏరడం మాత్రం మరవకండి!