మూడు నిద్రలు

మా వైపు ఎవరికైనా మనసు గతి తప్పితే ఊళ్ళో మొదట వినపడే మాట ఆసుపత్రి కాదు. "ఏఎస్ పేటకి తీసకపోండి, మూడు నిద్రలు చేయించండి" అంటారు. అనుమసముద్రంపేట అని పూర్తిగా రాసేది కాగితాల్లోనే. ఖాజా నాయబ్ రసూల్ దర్గా అక్కడే ఉంది. గంధం నాడే కాదు, మామూలు రోజుల్లోనూ హిందువులూ ముస్లిములూ తమవాళ్ళను వెంటబెట్టుకుని వస్తారు.

మా మేనమామను అట్లా తీసుకుపోయినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఆయనకు రెండే రుతువులు. ఒకటి వస్తే మూడు రాత్రులు రెప్ప వేయడు, ఆత్మకూరులో అప్పుచేసి అడగనివాళ్ళకు కూడా పంచెలు పెడతాడు. రెండోది వస్తే నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకుంటాడు, గడ్డం కూడా గీసుకోడు. మొదటిదాన్ని ఊరు పొగరంది, రెండోదాన్ని సోమరితనమంది. రెండూ కలిపి ఒకటే జబ్బనీ, దాన్ని బైపోలార్ అంటారనీ మాకు తర్వాతెప్పుడో తెలిసింది.

దర్గాలో మూడో రాత్రి మామ నిద్రపోయాడు. అక్కడ ఆయన్ను ఎవరూ వింతగా చూడలేదు. అది కూడా ఎంత పెద్ద మందో ఇప్పుడు తెలుస్తోంది. కానీ రెండు నెలలకే జబ్బు తిరగబెట్టింది. నెల్లూరులో డాక్టరు మొదటగా "నిద్ర ఎట్టుంది?" అనడిగితే అమ్మమ్మ మురిసిపోయింది: "ఈయన కూడా అదే అడగతా ఉండాడే!"

డాక్టరు రాసింది లిథియం. 1949లో జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు దాని గుణాన్ని బయటపెట్టాడు. ఎంత మేలు చేస్తుందో అంత జాగ్రత్తా కోరుతుంది. రక్తపరీక్షలు మానకూడదు. రోహిణి కార్తెలో చెమటలు కారి ఒంట్లో నీళ్ళు తగ్గితే రక్తంలో దాని మోతాదు పెరిగి విషమవుతుంది. మా ఎండల్లో ఇది చిన్న సంగతి కాదు.

అత్త గోడ క్యాలెండరులో పాల లెక్క కింద నిద్ర లెక్క వేయడం మొదలుపెట్టింది. అంకె నాలుగుకు దిగితే డాక్టరుకు ఫోను, బీరువా తాళం అత్త కొంగులోకి. (నేను చిరాకుపడ్డా క్యాలెండరు వైపు చూసేది. ఒక పూట విసుగు జబ్బు కాదత్తా! దిగులు రెండు వారాలు వదలకపోతే అప్పుడు చూడు.)

దర్గానా, డాక్టరా అని వాదించేవాళ్ళతో నాకు పడదు. గుజరాత్‌లో మీరా దాతార్ దర్గా దగ్గర దవా, దువా (మందూ, ప్రార్థనా) రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి. రోగిని గొలుసుతో కట్టెయ్యడం మాత్రం ఎక్కడా ఒప్పుకోను. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో దర్గా దగ్గర రోగులను ఉంచిన చోట నిప్పంటుకుంటే గొలుసులు తెంచుకోలేక 28 మంది పోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. ఇప్పుడైతే ఏ ఊరినుంచైనా 14416కి ఫోను చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ సేవలో తెలుగులోనే మాట్లాడతారు.

మొన్న ఉగాదికి పోయినప్పుడు చూశాను. ప్యాకెట్లొచ్చాక క్యాలెండరులో పాల లెక్క పోయింది. రెండో అంకె మటుకు ఉంది. ముందురోజు గడిలో ఏడున్నర. అత్త చేతిరాత కాదు, మామది.