గడియ ముట్టుకోకుండా

నా బాధ చేతులు కడుక్కోవడం అయిపోయాక మొదలవుతుంది. సబ్బు రాసి, వేళ్ల సందుల్లో రుద్ది, శుభ్రంగా కడిగేశాను. ఇప్పుడు కుళాయి కట్టాలి. మురికి చేత్తో నేను తిప్పిన కుళాయినే, నాకంటే ముందు బస్సెడు జనం తిప్పిన కుళాయినే కట్టాలి. వదిలేసి పోదామంటే నీళ్లు వృథా, మనసొప్పదు. మోచేత్తో నెడదామంటే అది గుండ్రటి పాతకాలం కుళాయి, చుట్లు చుట్లుగా తిప్పితే గాని ఆగదు. ఆ గండం గడిస్తే తలుపు గడియ ఉంటుంది. లోపలికి పోయిన ప్రతి మనిషీ చేతులు కడుక్కోకముందే పట్టుకునేది ఆ గడియనే. బస్తర్‌లో జగదల్‌పూర్ నుంచి బైలదిల్లా కొండల వైపు వెళ్లే దారిలో ఒకచోట బస్సు ఆగుతుంది, పేరు అనవసరం. అక్కడ గడియ ఊడిపోతే ఎవరో దాని స్థానంలో తాడు కట్టారు. ఎండాకాలంలో కూడా ఆ తాడు తడిగానే ఉండేది. ఇన్నేళ్లయినా ఆ తాడు మీద నా కోపం తగ్గలేదు.

అందుకే చెయ్యి తగలకుండా నీళ్లు వచ్చే కుళాయి, చెయ్యి తగలకుండా తెరుచుకునే తలుపు విమానాశ్రయాల సొగసు అంటే నేను ఒప్పుకోను. అవి అందరికంటే ముందు రావలసింది బస్తర్ సంతలకి. సంత రోజున ఆ ఆడవాళ్లని చూడండి. తల మీద గంప, వీపున గుడ్డలో కట్టుకున్న పిల్ల, చేతిలో ఉప్పు పొట్లం. ఆమెకి ఖాళీ చెయ్యి ఎక్కడిది? కర్ర పట్టుకున్న ముసలాయనకి, చేతికి కట్టు కట్టించుకుని ఆసుపత్రి నుంచి వస్తున్నవాడికి కూడా అంతే. మనం ఒక్కసారి ముట్టుకుని విసుక్కునే గడియనీ కుళాయినీ రోజంతా ముట్టుకుంటూ తుడిచే మనిషి ఒకరున్నారు. ముట్టుకునే చోట్లు తగ్గితే ముందు ఊపిరి పీల్చుకునేది ఆ తుడిచే మనిషే.

అయితే కరెంటు కన్ను పెట్టిన కుళాయి మీద నాకు అంత నమ్మకం లేదు. అందులోంచి కంటికి కనబడని పరారుణ కాంతి వస్తుంది. చెయ్యి అడ్డుపెడితే తగిలి తిరిగొస్తుంది, దాంతో లోపలి వాల్వు తెరుచుకుంటుంది. నల్లటి వస్తువు మీద పడితే ఆ కాంతి తక్కువగా తిరిగొస్తుంది. 2017లో ఒక వీడియో ప్రపంచమంతా తిరిగింది. సబ్బు ఇచ్చే యంత్రం తెల్లవాడి చేతికి సబ్బు పోసింది. నల్లవాడి చేతికి పొయ్యలేదు. అదే మనిషి తెల్ల కాగితం అడ్డుపెడితే మళ్లీ పోసింది. పొలంలో ఎండకి కాలిన చేతులకి నీళ్లు పొయ్యనన్న కుళాయి మనకెందుకు? బస్తర్ నేల చూస్తే ఎర్రమట్టి. ఇనుప గనుల మట్టి కలిసి శంఖిని నది నీళ్లే ఎర్రబడ్డాయి. ఆ ధూళి కన్ను మీద పేరుకుంటే తుడిచేదెవరు, బ్యాటరీ అయిపోతే మార్చేదెవరు? పైగా 2011లో అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రివాళ్లు రెండు రకాల కుళాయిల నీళ్లూ పరీక్షించారు. సెన్సార్ కుళాయిల నమూనాల్లో సగంలో న్యుమోనియా తెచ్చే లెజియొనెల్లా బ్యాక్టీరియా కనిపించింది. చేత్తో తిప్పేవాటిలో కనిపించింది 15 శాతంలోనే. లోపల వాల్వులు ఎక్కువ కావడంతో శుద్ధి చేసే మందు మూలమూలకీ చేరలేదని వాళ్లు అనుకున్నారు.

కాబట్టి నా ఓటు కాలికి. మన రైల్వేవాళ్లు 2020 జులైలో కపుర్తలా ఫ్యాక్టరీలో కరోనా కోసమని ఒక రైలుపెట్టె తయారుచేశారు. అందులో కాలితో తొక్కితే నీళ్లు, కాలితో తొక్కితే సబ్బు, కాలితోనే ఫ్లష్షు. మరుగుదొడ్డి తలుపూ, దాని గడియా కూడా కాలితోనే! గడియ సంగతి గుర్తుపెట్టుకున్న ఆ ఇంజనీర్లెవరో గాని, వాళ్లకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. ఆ ఏడాది ఎక్కడ చూసినా కాలితో తొక్కే కుళాయిలు మొలిచాయి. భయం పోయాక చాలాచోట్ల కడ్డీ విరిగింది, మళ్లీ పాత కుళాయే వచ్చింది. విరిగిన కడ్డీ అతికించడానికి సైకిల్ షాపువాడు చాలడా? కాలు కదపలేనివాళ్ల కోసం ఆపరేషన్ థియేటర్లలో ఉండేలాంటి పొడుగు పిడి కుళాయి ఒకటి పక్కనే పెట్టాలి. దాన్ని మోచేత్తో నెట్టినా చాలు.

చేతులు తగలని కుళాయి నేను మొదట చూసింది కిరండూల్‌లో, మా పెద్దమ్మ ఇంట్లో. అప్పట్లో విశాఖ నుంచి కేకే లైను మీద రైలెక్కి, సొరంగాలన్నీ దాటి, పగలంతా ప్రయాణం చేస్తే గాని ఆ ఊరు రాదు. పెదనాన్నది బైలదిల్లా గనుల్లో ఉద్యోగం. డ్యూటీ దిగి వచ్చేసరికి కనుబొమ్మల దాకా ఎర్రటి దుమ్ము. క్వార్టర్‌లో కుళాయి ఉంది గాని దాన్ని ఆయన ముట్టుకోవడానికి వీల్లేదు. ఆయన పెరట్లో బండ మీద నిలబడి రెండు చేతులూ చాపేవాడు. పెద్దమ్మ ఇత్తడి చెంబుతో సన్నగా ధార పోసేది. "ఇంకా ఎర్రగానే ఉంది, రుద్దండి" అనేది. ఆయన రుద్దేవాడు. నీళ్లు తేటగా కారేదాకా ఆమె చెంబు దించేది కాదు. తరవాత మోచేతులు, మొహం, పాదాలు. మేం పిల్లలం వరసలో ఉండేవాళ్లం. ఆమె పోసినట్టు నీళ్లు ఏ యంత్రమూ పొయ్యదు. సబ్బు పట్టేటప్పుడు ఆపడం, కడిగేటప్పుడు పొయ్యడం ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పని రోజూ ఆడదాని నెత్తినే పడేదని ఇప్పుడు తెలుసు. అయినా ఆ ధార చప్పుడంటే నాకు ప్రాణం.

ఆ పొయ్యడం పనికి ఇంకో మనిషి అక్కర్లేకుండా చేసినవాడు జింబాబ్వేలో ఉన్న డాక్టర్ జిమ్ వాట్. 1980ల నాటి మాట. ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాకి చిల్లు పొడిచి, తాడు కట్టి, కింద కర్ర తొక్కితే డబ్బా వంగేలా చేస్తున్నారు. టిప్పీ ట్యాప్ అంటారు. ఆయన మొదట వాడింది మాత్రం ఎండిన ఆనపకాయ బుర్ర. ఇది చదివి ఎగిరి గంతేశాను. బుర్రకి బస్తర్‌ని మించిన చోటేది? అక్కడ దాన్ని తుంబా అంటారు. కాయని తీగ మీదే ముదరనిచ్చి, కోసి, గింజలూ గుజ్జూ తీసేసి ఎండబెడతారు. అడవికి పోయేటప్పుడు అందులోనే నీళ్లు, అందులోనే రాగిజావ, జీలుగు కల్లూ అందులోనే. మెడ సన్నం కాబట్టి తొణకదు. తాగడానికి ఆకు దొప్ప. తాగాక పారేస్తారు, ఒకరి ఎంగిలి ఒకరికి తగలదు.

ఇప్పుడు సంతల్లో భుజానికి ప్లాస్టిక్ సీసాలే వేలాడుతున్నాయి. బుర్రలు నారాయణపూర్, కొండగావ్ పనివాళ్ల దగ్గరికి చేరాయి. కాల్చిన కత్తితో వాటి మీద జింకలూ చెట్లూ దించుతారు. ఆ పనితనం గొప్పదే, కాదనను. కాని నీళ్లు పట్టాల్సిన బుర్రకి ఒళ్లంతా చిల్లులు పొడిచి, లోపల బల్బు పెట్టి, పట్నంలో డ్రాయింగు రూముకి వేలాడదీస్తే నాకు నచ్చదు. చిల్లు పడని బుర్ర ఒకటి కావాలని బస్తర్ వెళ్లినప్పుడల్లా అడుగుతున్నాను. ముసలివాళ్ల దగ్గర ఉన్నాయి. నల్లగా నునుపెక్కి, మెడకి తాడు కట్టి ఉంటాయి. ఎంత ఇస్తానన్నా అమ్మరు.