నూనె కారేది ఎక్కడినుంచి?

కారు కింద నల్ల మరక కనబడితే మనం నేరుగా మిస్త్రీ దగ్గరికి పోతం. పోయేముందు ఇంట్లనే చేసుకునే పని ఒకటి ఉన్నది. అది చెప్పుదామనే ఈ నాలుగు ముక్కలు. నేను చదివింది నాలుగో తరగతి. ముప్పై ఏండ్లు బట్టల మిల్లుల మగ్గం నడిపిన.

మిల్లుల బట్టమీద నూనె మరక పడితే ఆ తాను పక్కకు పోయేది. మరక పడ్డచోట ఎంత వెతికినా ఏమీ దొరకకపోయేది. మా జాబర్ ముందు మగ్గమంతా తుడిపించి, తర్వాత నడిపించి, పైనుంచి కిందికి చూడుమనేటోడు. నూనె పైన కారి, ఇనుము వెంబడి జారి, ఎక్కడో అడుగున చుక్కై పడుతది. కారు ఇంజన్‌కు గూడ ఇదే లెక్క.

మా అల్లుడు 2004 నాటి మారుతి 800లో తువాళ్లు, దుప్పట్లు వేసుకొని భద్రావతి, రాజురా, మూల్ సంతలకు తిరుగుతడు. వాళ్ల బతుకు ఆ బండి మీదనే. పోయిన ఎండకాలం ఇంజన్, గేర్‌బాక్సు కలిసేచోట చుక్కలు పడుడు మొదలైంది. ఒక మిస్త్రీ కింద పండుకొని చూసి, "వెనక సీల్ పోయింది, గేర్‌బాక్సు దించాలె, పన్నెండు వేలు" అన్నడు. సీల్ ధర తక్కువే, దించి ఎక్కించే కూలి ఎక్కువ. పైగా వారం సంతలు బంద్. బిడ్డ మెడల గొలుసు కుదువబెడ్తనన్నది. "రెండు రోజులు ఆగు బిడ్డా" అన్న.

మొదలు డిప్‌స్టిక్ చూసినం. సమంగా ఉన్న నేలమీద బండి ఆపి, అయిదు నిమిషాలు ఆగి, కడ్డీ తుడిచి ముంచి చూడాలె. ఈ ఇంజన్‌కు పట్టేదే సుమారు మూడు లీటర్లు, బాగ తగ్గితే ప్రమాదమే. రాత్రి బండి కింద తెల్ల అట్ట పరిచినం. నల్లగ, జిడ్డుగ ఉంటే ఇంజన్ ఆయిల్. చిక్కగ, ఘాటు వాసనొస్తే గేర్ ఆయిల్. పచ్చగ నీళ్లలెక్క ఉంటే రేడియేటర్‌ది. కింద చుక్క లేకుండ ఆయిల్ తగ్గుతూ, సైలెన్సర్‌ల నీలం పొగొస్తే లోపల కాలుతున్నట్టు.

మన చంద్రపూర్‌ల బొగ్గుదుమ్ము నూనెమీద పేరుకొని ఇంజనంత నల్లముద్ద అయితది. అట్లుంటే ఎవరికీ ఏమీ కనబడది. చల్లారిన ఇంజన్‌కు బ్రష్‌తో డీజిల్ రాసి, గుడ్డతో తుడిచి, పూర్తిగ ఆరనిచ్చినం. మీద ముఖానికి రాసే పౌడర్ చల్లినం. పావుగంట బండి నడిపి, ఆపి, టార్చి పట్టుకొని పైనుంచి దిగినం: ఆయిల్ మూత, టాపెట్ కవర్, డిస్ట్రిబ్యూటర్ అడుగు, ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఫిల్టర్, కింది ఛాంబర్, డ్రెయిన్ బోల్టు. తిరిగే బెల్టు దగ్గర మాత్రం ఇంజన్ నడుస్తుండగ చెయ్యి పెట్టొద్దు.

టాపెట్ కవర్ వెనక మూలనుంచి పౌడర్‌మీద తడి గీత గేర్‌బాక్సు దాకా దిగింది. పైన రబ్బరు గాస్కెట్ ఎండి గట్టిపడి పగిలింది. 45 డిగ్రీలు దాటే మన ఎండలు, పైన ఇంజన్ వేడి, ఇరవై ఏండ్ల రబ్బరు ఎట్ల ఆగుతది? అదే మిస్త్రీకి గీత చూపిస్తే "అవును కాకా" అని గాస్కెట్ మార్చిండు. కొన్ని వందల్లో పనైంది. బ్రీదర్ పైపు గూడ సాఫ్ చేయించినం. అది మూసుకపోతే లోపలి ఒత్తిడి ఆయిల్‌ను సీళ్లలకెల్లి తోస్తది. గాస్కెట్ బోల్టులు మరీ బిగించొద్దు, కవర్ వంగితే ఇంకా కారుతది.

పైనంత పొడిగ ఉండి, కింది అతుకు దగ్గర్నే తడి వస్తే అప్పుడు సీలే. దించక తప్పది, ఆ ఖర్చు పెట్టాల్సిందే. నడుస్తుండగ ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే అక్కడికక్కడే ఇంజన్ ఆపాలె. వేడి సైలెన్సర్ పైపుమీద ఆయిల్ పడుతుంటే మంటలు లేవొచ్చు, అటువంటి బండిని నడుపొద్దు.

అల్లునికి ఒక్క సంతే తప్పింది. గొలుసు బిడ్డ మెడల్నే ఉన్నది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆమెనే కడ్డీ తీసి చూస్తది.