'రాసుకున్నా' అంటే రాసినట్టేనా?

తెల్లారకముందే చేవెళ్ల, మొయినాబాద్ తోటల నుంచి పూలూ కూరగాయలూ నగరం దారి పడతాయి. మార్కెట్‌లో కాంటా అయ్యాక రైతు చూపంతా కలం మీదే. కమీషన్ ఏజెంటు 'రాసుకున్నా' అంటేనే మనసు కుదుటపడుతుంది. సరకు చేతులు మారాక మిగిలే ఆధారం ఆ రాతే మరి!

వెనకటి గుమాస్తాలు జరిగింది జరిగినట్టు ముందు చిట్టాలో ఎక్కించేవాళ్లు. తీరిగ్గా ఆవర్జాలో ఎవరి ఖాతా వాళ్లకు సర్దేవాళ్లు. ఆవర్జా పాడైనా చిట్టా ఉంటే లెక్క మళ్లీ కట్టుకోవచ్చు. కంప్యూటర్లోని డేటాబేస్ చేసేదీ అదే. ప్రతి మార్పునూ ముందు 'లాగ్' అనే చిట్టాలో రాసి, అది డిస్కు మీద పడ్డాకే 'అయింది' అంటుంది. ఈ భరోసా పేరే డ్యూరబిలిటీ. 1983లో జర్మన్ శాస్త్రవేత్తలు హెర్డర్, రాయిటర్ లావాదేవీకి ఉండాల్సిన నాలుగు లక్షణాలకు 'ఆసిడ్' అని పేరు పెట్టారు. అందులో చివరి అక్షరం దీనిదే.

చిక్కల్లా డిస్కు నిదానం, మెమరీ వేగం. అందుకే మెమరీలో పడగానే 'అయింది' అనేలా కొందరు అమర్చుకుంటారు. మైఎస్‌క్యూఎల్‌లో ఒక అంకెను 1 నుంచి 0కు మారిస్తే చాలు, పని పరుగందుకుంటుంది. ఆ క్షణాన కరెంటు పోతే మాత్రం చివరి సెకను లెక్కలు గల్లంతే.

ఒక్క సెకనేగా అనిపిస్తుంది. ఎంతమంది వెబ్‌సైట్ చూశారన్న లెక్కయితే పోయినా ఫర్వాలేదు. భూమి విషయమైతే? రిజిస్ట్రేషన్లు 1998లో 'కార్డ్'తో కంప్యూటరెక్కాయి. 2020 అక్టోబరులో వచ్చిన ధరణి, తహసీల్దారు కార్యాలయంలోనే రిజిస్ట్రేషన్, వెంటనే మ్యుటేషన్ అంది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలోకి భూభారతి వచ్చింది. పేరేదైనా, తెరమీద 'అయింది' అని చూసి డబ్బు చేతికిచ్చేసేవాళ్లకు ఆ మాటే పెట్టుబడి. అలాంటిచోట ఆ సెకను ఎవరిదైనా కావచ్చు. పైగా ఏది మరిచిపోయిందో ఆ యంత్రానికే తెలియదు. 'కాసేపు ఆగండి' అంటే మనిషి విసుక్కుంటాడు, కానీ అక్కడే ఉంటాడు. 'అయింది' అంటే ఇంటికెళ్లిపోతాడు. పోయిన సంగతి ఏ పంపకాల నాడో బయటపడుతుంది.

వేగానికి నిజాయతీ దారులూ ఉన్నాయి. వరసలో ఉన్న పది మార్పుల్నీ కలిపి ఒక్కసారే డిస్కుకెక్కించి, అప్పుడు పదిమందికీ 'అయింది' అనొచ్చు. దాన్నే గ్రూప్ కమిట్ అంటారు.

దుకాణానికో, సొసైటీకో లెక్కల సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు ఎంత వేగమని అందరూ అడుగుతారు. ఇంకో మాటా అడగాలి: 'బిల్లు అయిందనగానే ప్లగ్గు పీకి చూపిస్తారా?'