భీముడూ, అమ్మ పెరుగన్నమూ

మా భీముడి బరువు 38 కిలోలు. డాక్టరుగారు ఆ అంకె చూపించినప్పుడు నేను తల దించుకున్నాను. భీముడు మాత్రం ఆయన టేబుల్ మీదున్న డబ్బాలో బిస్కెట్లేమైనా ఉన్నాయేమోనని వాసన చూస్తున్నాడు. లాబ్రడార్ కదా, సిగ్గెందుకుంటుంది :)

నిజానికి మేం వెళ్ళింది బరువు గురించి కాదు, గోకుడు గురించి. పొట్ట కింద ఎర్రగా కమిలిపోయి, పాదాలు నాకి నాకి గోధుమరంగుకొచ్చి, చెవుల్లోంచి పులిసిన వాసన. అర్ధరాత్రి రెండింటికి టకటకమని కాలితో నేలని కొట్టుకుంటూ గోక్కుంటుంటే ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. అంతకుముందు మూడు నెల్లు నేను నా తెలివి చూపించాను లెండి. ఒక నెల 'గొర్రె మాంసం' అని పెద్దక్షరాలతో రాసున్న సంచీ కొన్నాను. సగం అయ్యాక వెనకవైపు చిన్నక్షరాలు చదివితే అందులో కోడి కొవ్వూ ఉంది, కోడి మాంసప్పొడీ ఉంది. తర్వాతి నెల 'ధాన్యాలు లేనిది' కొన్నాను. బఠాణీలూ పప్పులూ దట్టించిన అలాంటి మేతకీ కుక్కల గుండెజబ్బుకీ సంబంధం ఉందేమోనని అమెరికా ఎఫ్‌డీఏ 2018లో విచారణ మొదలుపెట్టిందనీ, అది ఇప్పటికీ ఎటూ తేలలేదనీ సంచీ ఖాళీ అయ్యాక తెలిసింది. మూడోది 'లైట్'. ఆఫీసులో ఎవడైనా ఒకేసారి మూడు మార్పులు చేసి బగ్ ఎక్కడుందో తెలీట్లేదంటే నేనే చీవాట్లు పెడతాను. ఇంట్లో చేసింది అదే.

డాక్టరుగారు ఓపిగ్గా విన్నారు. "ముందు పిడుదులూ, గోమార్లూ చూడాలండీ. తర్వాత చర్మంలో పురుగులూ, చెవిలో ఫంగసూ. తిండి సంగతి ఆ తర్వాతే," అన్నారు. అవన్నీ చూసి, చెవికి మందేసి, అప్పటికీ గోకుడు పూర్తిగా తగ్గకపోయేసరికి తిండి దగ్గరికొచ్చారు. నేను రక్తపరీక్ష చేయించేద్దాం అన్నాను. తిండి ఎలర్జీకి రక్తం, ఎంగిలి, వెంట్రుకల పరీక్షలు నమ్మదగ్గవి కావట, ఉన్నది ఒకటే దారి. ఎనిమిది వారాలు ఒకే ఒక్క మేత. అందులో ప్రొటీన్‌ని ఎంత సన్నగా తుంచేస్తారంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని గుర్తుపట్టలేదు. దాని ఖరీదు మా ఇంటి నెల పాలబిల్లుకంటే ఎక్కువ. బిస్కెట్టు లేదు, బొమిక లేదు, మాంసం రుచి కలిపిన నులిపురుగుల మాత్ర కూడా లేదు. తర్వాత పాత తిళ్ళు ఒక్కొక్కటే తిరిగి పెట్టి, దేనికి గోకుడు మళ్ళీ వస్తుందో చూడాలి. అచ్చంగా డీబగ్గింగే!

"పెరుగన్నం?" అని అడిగాను.

"అస్సలు వద్దు."

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. భీముడు నాన్న కుక్క. రాత్రి నాన్న పెరుగన్నం తింటూ ఆఖరి నాలుగు ముద్దలు వాడి పళ్ళెంలో వేసేవారు. 2021లో నాన్న పోయాక అమ్మ రాత్రి భోజనం దాదాపు మానేసింది. "ఆకలి లేదురా" అనేది. కానీ భీముడికి మాత్రం వేళ తప్పకుండా కలిపేది. కలిపాక, వాడు తింటుంటే పక్కన పీట వేసుకుని తనూ రెండు ముద్దలు తినేది. అంటే వాడి పెరుగన్నం ఆపితే ఆగేది వాడి భోజనం ఒక్కటే కాదన్నమాట.

మూడో వారంలో గోకుడు తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలైంది. నాకు అనుమానం వచ్చి పళ్ళెం అంచు చూస్తే ఎండిన మెతుకు.

"అమ్మా, నువ్వేనా?"

"రెండు ముద్దలేరా. అలా చూస్తుంటే నా గొంతు దిగట్లేదు."

కోప్పడ్డాను. మర్నాడు ఆఫీసునుంచి ఫోన్ చేసి సారీ చెప్పాను. మళ్ళీ ఒకటో వారం నుంచి మొదలెట్టాం.

రెండోసారి అమ్మ మాట తప్పలేదు. ఆరో వారానికి పాదాలు నాకడం ఆగింది, పొట్ట మీద కొత్త బొచ్చు వచ్చింది. ఎనిమిది వారాలయ్యాక కోడిమాంసం పెట్టి చూశాం, రెండు వారాలు ఏమీ కాలేదు. ఇన్నాళ్ళూ నేను తిట్టుకున్న కోడి అమాయకురాలు! తర్వాత పెరుగు. నాలుగో రోజుకి అర్ధరాత్రి టకటక మొదలైంది. కుక్కల్లో తిండి ఎలర్జీకి ఎక్కువగా కారణమయ్యేవి గొడ్డుమాంసం, పాలపదార్థాలు, కోడి, గోధుమ అట. ఏళ్ళ తరబడి తిన్నదానికే ఎలర్జీ రావడం మామూలేనట. ఈ సంగతి అమ్మకి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఇక బరువు. లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒకదానికి పీఓఎంసీ అనే జన్యువులో లోపం ఉంటుందని కేంబ్రిడ్జివాళ్ళు 2016లో కనిపెట్టారు. కడుపు నిండిందన్న కబురు మెదడుకి సరిగా అందదు. మావాడికి అదుందో లేదో గానీ, నాకు అందాల్సిన కబురు మాత్రం అప్పుడే అందింది. వాడి ఆకలి చూసి గిన్నె నింపకూడదు. లెక్క ఏంటంటే, ఉండాల్సిన బరువుని (మావాడికి 30) మూడుసార్లు గుణించి, రెండుసార్లు వర్గమూలం తీసి, 70తో గుణించాలి. 897 కేలరీలు వచ్చింది. మేం పెడుతున్నదెంత? 400 గ్రాముల సంచీ మేత 1360, పావుకిలో అన్నం 325, పెరుగు 90, అయిదారు బిస్కెట్లు 110. మొత్తం 1885! రెట్టింపుకంటే ఎక్కువ.

అయితే పాత మేతనే సగం చేసేస్తే సరిపోదు. కేలరీలతోపాటు ప్రొటీనూ విటమిన్లూ కూడా సగమైపోతాయి. కొవ్వు బాగా తగ్గిస్తే చర్మానికి దెబ్బ, ఎందుకంటే చర్మానికి లినోలెయిక్ ఆమ్లం కావాలి, వాపు తగ్గడానికి చేపనూనెలోని ఒమేగా-3 సాయం చేస్తుంది. సన్నబడ్డానికి కొవ్వు వద్దు, చర్మానికి కొవ్వు కావాలి. ఈ తిరకాసు సంచీ ముందువైపు బొమ్మలో కనిపించదు. వెనక ఉన్న శాతాలే చూడాలి. ప్రొటీన్, పిండిపదార్థం గ్రాముకి 3.5, కొవ్వు 8.5 చొప్పున వేసుకుంటే కేలరీలు సుమారుగా తెలిసిపోతాయి. అమెరికా నియమాల ప్రకారం 'లైట్' అని రాయాలంటే పొడిమేత కిలోకి 3100 కేలరీలు దాటకూడదు. ఆ గీతని పట్టుకుని, చేప ప్రధానంగా ఉండి, పాలపొడి లేనిది వెతికి పట్టుకున్నాను. రోజుకి 260 గ్రాములు, గ్లాసు కొలత కాదు, వంటింటి కాటాలో తూచి. ఒక చెంచా చేపనూనె, అది 40 కేలరీలు. మిగిలింది ఓ యాభై.

ఆ యాభై అమ్మది. డాక్టరుగారిని అడిగి బీన్స్ ఉడకబెట్టి పెట్టొచ్చని తెలుసుకున్నాక, సాయంత్రం అమ్మే పీట మీద కూర్చుని వాటి ఈనెలు తీస్తుంది. ఉప్పూ, ఉల్లీ వెయ్యకుండా 150 గ్రాములు ఉడికిస్తుంది. మొదటిరోజు భీముడు వాసన చూసి అమ్మ మొహంలోకి చూశాడు. "తినరా, నేనూ అదే తింటున్నా" అంది. నిజంగానే తన కంచంలోనూ బీన్సే, కాకపోతే పోపు పెట్టినవి.

నిన్న తూచాం, 33.5. అమ్మ కాటా వైపు చూసి, "మీ నాన్నుంటే బక్కచిక్కిపోయాడని గొడవ చేసేవారు" అని నవ్వింది. పెరుగు మాత్రం ఇప్పటికీ ఆఖర్న, భీముడు వరండాలోకి వెళ్ళాక వేసుకుంటుంది.